జంట పోరులో జగజ్జేత

* సింగిల్స్‌తో పేరు.. డబుల్స్‌తో శిఖరం
* 91 వారాల పాటు ప్రపంచ నంబర్‌వన్ పీఠం
* ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ల సానియా మీర్జా ప్రస్థానం

శ్రీశైలం: శ్రీశైలం జలాశయంలో నిలిచే నీరు ఒక్కటే. దానిపై ఆధారపడిన విద్యుత్కేంద్రాలు మాత్రం రెండు. 770 మెగావాట్ల కుడిగట్టు కేంద్రం ఆంధ్రప్రదేశ్‌లో, 900 మెగావాట్ల ఎడమగట్టు కేంద్రం తెలంగాణలో ఉన్నాయి. ఏ గట్టు ఉత్పత్తి ఎంతో ఆ గట్టు లెక్క వేరుగా నమోదవుతుంది. టెన్నిస్‌లో డబుల్స్ ఆట కూడా ఇంచుమించు ఇలాంటిదే. ఇద్దరు కలిసి ఒకే కోర్టులో ఒకే గెలుపు కోసం శ్రమిస్తారు. ర్యాంకు మాత్రం ఎవరిది వారికే నమోదవుతుంది. ఆ జంట ఆటలో ప్రపంచంలోనే మొదటి స్థానానికి చేరి, 91 వారాల పాటు దానిని నిలబెట్టుకున్న తెలుగునాట క్రీడాకారిణి సానియా మీర్జా.

ఆమె పేరు తెలియని వారు నల్లమల గూడేల్లోనూ అరుదే. అయితే ఆమె దేనివల్ల గొప్ప క్రీడాకారిణి అని అడిగితే చాలామంది 2005 నాటి సింగిల్స్ విజయాలనే గుర్తు చేసుకుంటారు. వాస్తవానికి ఆమె కీర్తి శిఖరం దానికి పదేళ్ల తర్వాత, డబుల్స్‌లో ఉంది. జనాదరణ ఒక ఆటతో వస్తే, అసలు ఘనత మరో ఆటతో దక్కింది. ఈ తేడా ఎలా వచ్చిందో తెలుసుకుంటే సానియా జీవితంతో పాటు డబుల్స్ టెన్నిస్ కూడా అర్థమవుతుంది.

పేడ అలికిన కోర్టు నుంచి...

సానియా 1986 నవంబరు 15న ముంబయిలో జన్మించారు. పెరిగింది, ఆట నేర్చింది హైదరాబాద్‌లోనే. ఆరేళ్ల ప్రాయంలో రాకెట్ పట్టారు. అప్పట్లో నగరంలో సౌకర్యాలు అంతంత మాత్రమేననీ, పేడతో అలికిన కోర్టులపై ఆడుతూ పెరిగాననీ ఆమె పలు సందర్భాల్లో గుర్తు చేసుకున్నారు. తండ్రి ఇమ్రాన్ మీర్జాయే ఆమెకు శిక్షకుడిగానూ వ్యవహరించారు.

2002లో బుసాన్‌లో జరిగిన ఆసియా క్రీడల్లో లియాండర్ పేస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం గెలిచేనాటికి ఆమెకు పదహారేళ్లు కూడా నిండలేదు. మరుసటి ఏడాది రష్యాకు చెందిన అలీసా క్లెబనోవాతో జతకట్టి వింబుల్డన్ బాలికల డబుల్స్ టైటిల్‌ను సొంతం చేసుకున్నారు. 2004లో హైదరాబాద్‌లోనే జరిగిన డబ్ల్యూటీఏ టోర్నీలో లీజెల్ హ్యూబర్ తోడుగా డబుల్స్ విజేతగా నిలిచారు. అంటే ఆమె తొలి విజయాల్లో ముఖ్యమైనవన్నీ జంట ఆటలోనివే. ఆ సంగతిని అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

దేశం చూపు తిప్పిన 2005

2005 జనవరిలో వైల్డ్‌కార్డు ప్రవేశంతో ఆస్ట్రేలియన్ ఓపెన్ బరిలో దిగిన సానియా సింగిల్స్ మూడో రౌండ్‌కు చేరారు. ఒక గ్రాండ్‌స్లామ్‌లో అంతదూరం వెళ్లిన తొలి భారత మహిళ ఆమే. అక్కడ సెరెనా విలియమ్స్ చేతిలో ఓడినా, దేశమంతా ఆ పద్దెనిమిదేళ్ల అమ్మాయి గురించే మాట్లాడుకుంది. ఫిబ్రవరిలో సొంతగడ్డ హైదరాబాద్‌లో ఉక్రెయిన్ క్రీడాకారిణి అల్యోనా బొండారెంకోను తుదిపోరులో ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ నెగ్గిన తొలి భారత మహిళగా చరిత్రకెక్కారు. కొద్ది రోజులకే దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాను మట్టికరిపించారు. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ చేరి మరియా షరపోవా చేతిలో వెనుదిరిగారు. ఏడాది చివర డబ్ల్యూటీఏ ఆమెను ఉత్తమ నూతన క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. 2004లో అర్జున పురస్కారం అందించిన కేంద్రం 2006లో పద్మశ్రీతో సత్కరించింది.

సానియా బలమంతా ఫోర్‌హ్యాండ్. ఆ దెబ్బ ధాటికి ప్రత్యర్థి కదలక ముందే బంతి గీత దాటేది. సర్వీసు, కోర్టు నలుమూలలా పరుగు మాత్రం ఆ స్థాయిలో ఉండేవి కావు. అయినా 2007 ఆగస్టులో సింగిల్స్‌లో 27వ ర్యాంకుకు చేరుకున్నారు. మొదటి 30 మందిలో స్థానం సంపాదించిన తొలి భారత మహిళ ఆమే.

దారి మార్చిన మణికట్టు

ఫోర్‌హ్యాండ్‌కు ఆధారమైన కుడి మణికట్టే ఆమెకు శత్రువైంది. 2008లో గాయం తీవ్రమై, బీజింగ్ ఒలింపిక్స్‌లో తొలి రౌండ్ ఆట మధ్యలోనే తప్పుకోవలసి వచ్చింది. మణికట్టుకు, అంతకుముందూ ఆ తర్వాతా మోకాళ్లకు శస్త్రచికిత్సలు తప్పలేదు. ఒక దశలో తల దువ్వుకోవడం కూడా కష్టమైందని ఆమె తర్వాత చెప్పుకున్నారు.

సింగిల్స్‌లో కోర్టు మొత్తం ఒక్కరే కాచుకోవాలి. వారం వారం దేశాలు మారుతూ ఆడే వృత్తిలో ఆ శ్రమకు ఆమె మోకాళ్లు తట్టుకోలేకపోయాయి. 2013లో సింగిల్స్‌కు స్వస్తి పలికి పూర్తిగా డబుల్స్‌కే పరిమితమవుతున్నట్లు ప్రకటించారు. అప్పటికి ఆమె వయసు 26 ఏళ్లే. సానియా పని అయిపోయిందని పలువురు తేల్చేశారు. ఆ నిర్ణయమే ఆమెను ప్రపంచ శిఖరానికి చేర్చింది.

అంతకుముందే ఆ దిశగా సూచనలు కనిపించాయి. 2009లో మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ నెగ్గి, గ్రాండ్‌స్లామ్ టైటిల్ సాధించిన తొలి భారత మహిళ అయ్యారు. 2011లో ఎలీనా వెస్నినాతో జతగా ఫ్రెంచ్ ఓపెన్ మహిళల డబుల్స్ తుదిపోరుకు చేరి రన్నరప్‌గా నిలిచారు. 2012లో అదే ఫ్రెంచ్ ఓపెన్‌లో భూపతితో కలిసి మిక్స్‌డ్ టైటిల్ గెలిచారు.

డబుల్స్ అంటే సగం ఆట కాదు

ఇద్దరు ఆడతారు కాబట్టి డబుల్స్ సులువనే అభిప్రాయం మన ప్రాంతంలో బలంగా ఉంది. దీని స్వరూపం చూస్తే ఆ మాట నిలవదు.

టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు. సింగిల్స్‌కు వెడల్పు 27 అడుగులు. డబుల్స్‌కు ఇరువైపులా నాలుగున్నర అడుగుల చొప్పున చేర్చి 36 అడుగులుగా లెక్కిస్తారు. ఆటగాళ్లు రెట్టింపు అయినా స్థలం రెట్టింపు కాదు. పెరిగేది మూడో వంతు మాత్రమే. అందువల్ల ఖాళీ తక్కువ, బంతి తిరిగి వచ్చే వేగం ఎక్కువ. నెట్ దగ్గర నిలబడిన వారికి ఆలోచించుకునే వ్యవధి క్షణంలో సగం కూడా ఉండదు.

ఒకరు సర్వీసు చేస్తుంటే మరొకరు నెట్‌కు చేరువగా నిలబడతారు. ఆ నిలబడిన వారు చేతిని వీపు వెనుక ఉంచి వేళ్లతో సైగ చేయడం టీవీలో చూసే ఉంటారు. సర్వీసు ఏ వైపు వేయాలి, తాను ఏ వైపు కదలబోతున్నది అన్న సమాచారం ఆ సైగలో ఉంటుంది. ప్రత్యర్థి బంతిని తిప్పికొట్టగానే అడ్డంగా దూసుకెళ్లి మధ్యలోనే కొట్టేయడం డబుల్స్‌లో కీలక విద్య. లెక్క తప్పితే తాను వదిలిన చోటు ఖాళీగా మిగిలిపోతుంది. ఆ ఖాళీని భాగస్వామి కనిపెట్టి పూరించాలి. ఎంత గట్టిగా కొట్టినా, పక్కనున్న వారి అడుగు తెలియకపోతే ఆ దెబ్బ వృథా. ఒంటి చేతితో చప్పట్లు మోగవన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

మహిళల టూర్ టోర్నీల్లో డబుల్స్ నిబంధనలు కూడా కఠినం. స్కోరు 40-40 అయితే సింగిల్స్‌లో వలె రెండు పాయింట్ల ఆధిక్యం కోసం చూడరు. ఒకే పాయింటుతో గేమ్ తేలిపోతుంది. ఇరు జట్లూ చెరో సెట్ నెగ్గితే మూడో సెట్‌కు బదులు పది పాయింట్ల సూపర్ టైబ్రేక్ ఆడిస్తారు. ఒక్క పొరపాటుకు మ్యాచ్ చేజారిపోవచ్చు.

ఈ ఆటకు సానియా సరిగ్గా సరిపోయారు. సగం కోర్టు చూసుకుంటే చాలు కనుక మోకాళ్లపై భారం తగ్గింది. మణికట్టు సహకరించినంత మేర ఫోర్‌హ్యాండ్‌ను పూర్తి బలంతో వాడే వీలు చిక్కింది. ప్రత్యర్థి సర్వీసును తిప్పికొట్టడంలో ఆమెకున్న నేర్పు డబుల్స్‌లో పెట్టుబడిగా మారింది. ఆమెకు ఇక కావలసింది నెట్ దగ్గర ఆటను శాసించగల తోడు.

ఒకప్పటి ప్రత్యర్థే తోడుగా...

ఆ తోడు 2015 మార్చిలో మార్టినా హింగిస్ రూపంలో దొరికింది. స్విట్జర్లాండ్‌కు చెందిన హింగిస్ ఒకప్పుడు సింగిల్స్‌లోనూ ప్రపంచ నంబర్‌వన్. 2006లో సియోల్‌లో సానియా ఆమెను సింగిల్స్‌లో ఓడించారు కూడా. తొమ్మిదేళ్ల తర్వాత ఆ ఇద్దరూ నెట్‌కు ఒకే వైపున నిలిచారు. వెనుక నుంచి సానియా ఫోర్‌హ్యాండ్‌తో దాడి చేస్తే, ముందు హింగిస్ తన చేతి నైపుణ్యంతో పాయింటును ముగించేవారు. అభిమానులు ఈ జోడీకి 'శాంటినా' అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

కలిసి ఆడిన మొదటి మూడు టోర్నీలూ వారివే. ఇండియన్ వెల్స్, మయామి, ఆపై చార్ల్‌స్టన్. చార్ల్‌స్టన్ విజయంతో 2015 ఏప్రిల్ 13న సానియా డబుల్స్ నంబర్‌వన్ ర్యాంకు అందుకున్నారు. ఇటలీకి చెందిన సారా ఎరానీ, రాబర్టా విన్సీల నుంచి ఆ స్థానం ఆమెకు దక్కింది. మహిళల టెన్నిస్‌లో ప్రపంచ అగ్రస్థానం చేరిన తొలి భారతీయురాలు ఆమే.

జులై 11న వింబుల్డన్ తుదిపోరు జరిగింది. ప్రత్యర్థులు రష్యా జంట ఎకతెరీనా మకరోవా, ఎలీనా వెస్నినా. వీరిలో వెస్నినా ఒకప్పుడు సానియాకు భాగస్వామి. తొలి సెట్‌ను సానియా జోడీ 5-7తో కోల్పోయింది. రెండో సెట్‌ను టైబ్రేక్‌లో దక్కించుకుంది. మూడో సెట్‌లో 2-5తో వెనుకబడింది. అక్కడి నుంచి వరుసగా గేమ్‌లు నెగ్గి 5-5కు తెచ్చింది. వెలుతురు తగ్గడంతో ఆట ఆపి మైదానం పైకప్పు మూసివేశారు. విరామం తర్వాత మిగిలిన రెండు గేమ్‌లూ గెలిచి 5-7, 7-6, 7-5తో కప్పు అందుకున్నారు. సానియాకు అది తొలి మహిళల డబుల్స్ గ్రాండ్‌స్లామ్.

ఆ తర్వాత యూఎస్ ఓపెన్‌తో మొదలైన జైత్రయాత్ర వరుసగా 41 మ్యాచ్‌ల వరకు సాగింది. ఈ మధ్యలో యూఎస్ ఓపెన్, గ్వాంగ్‌ఝౌ, వూహాన్, బీజింగ్, సింగపూర్‌లో సీజన్ ముగింపు డబ్ల్యూటీఏ ఫైనల్స్, 2016లో బ్రిస్బేన్, సిడ్నీ, ఆస్ట్రేలియన్ ఓపెన్, సెయింట్ పీటర్స్‌బర్గ్.. మొత్తం తొమ్మిది టైటిళ్లు వారి ఖాతాలో చేరాయి. 2016 ఫిబ్రవరిలో దోహాలో ఆ పరంపరకు తెరపడింది. ఈ జోడీ మొత్తం 14 టైటిళ్లు గెలిచింది.

సానియా ఆరు గ్రాండ్‌స్లామ్‌లు

* 2009 - ఆస్ట్రేలియన్ ఓపెన్, మిక్స్‌డ్ (మహేశ్ భూపతితో)
* 2012 - ఫ్రెంచ్ ఓపెన్, మిక్స్‌డ్ (మహేశ్ భూపతితో)
* 2014 - యూఎస్ ఓపెన్, మిక్స్‌డ్ (బ్రెజిల్‌కు చెందిన బ్రూనో సోరెస్‌తో)
* 2015 - వింబుల్డన్, మహిళల డబుల్స్ (మార్టినా హింగిస్‌తో)
* 2015 - యూఎస్ ఓపెన్, మహిళల డబుల్స్ (మార్టినా హింగిస్‌తో)
* 2016 - ఆస్ట్రేలియన్ ఓపెన్, మహిళల డబుల్స్ (మార్టినా హింగిస్‌తో)

గెలిచిన రోజే చేజారిన పీఠం

డబుల్స్‌లో గెలుపు ఇద్దరిదీ. ర్యాంకింగ్ పాయింట్లను మాత్రం పంచరు. టైటిల్ నెగ్గితే ఇద్దరికీ పూర్తి పాయింట్లు దక్కుతాయి. ఏడాది గడిచాక ఆ పాయింట్లు లెక్క నుంచి తొలగిపోతాయి. కాబట్టి నిరుడు గెలిచిన చోట ఈసారి కూడా గెలిస్తేనే స్థానం పదిలం. ఎవరి పాయింట్లు వారివే కనుక భాగస్వామి మారినా ర్యాంకు మారదు.

ఈ లెక్కలోని చిత్రమంతా సానియా విషయంలో రెండుసార్లు కనిపించింది. 2016 ఆగస్టులో హింగిస్‌తో విడిపోయిన కొద్ది రోజులకే సిన్సినాటి తుదిపోరులో ఆమెకే ఎదురు నిలవాల్సి వచ్చింది. బార్బోరా స్ట్రికోవా తోడుగా సానియా ఆ పోరులో గెలిచి, అప్పటిదాకా హింగిస్‌తో పంచుకున్న అగ్రస్థానాన్ని ఒంటరిగా సొంతం చేసుకున్నారు. 2017 జనవరిలో బ్రిస్బేన్‌లో ఇందుకు భిన్నంగా జరిగింది. బెథానీ మాటెక్ శాండ్స్‌తో కలిసి సానియా టైటిల్ గెలిచారు. ఆ విజయంతోనే మాటెక్ శాండ్స్ నంబర్‌వన్ అయ్యారు. సానియా రెండో స్థానానికి దిగారు. టైటిల్ గెలిచిన రోజే పక్కనున్న తోడుకు పీఠం అప్పగించడమంటే ఇదే. దానితో 91 వారాల అధ్యాయం ముగిసింది.

డబ్బు విషయంలో డబుల్స్ క్రీడాకారులకు దక్కేది చాలా తక్కువ. 2015 వింబుల్డన్‌లో సింగిల్స్ విజేతకు ఇచ్చిన బహుమతి 18,80,000 పౌండ్లు. మహిళల డబుల్స్ విజేత జంటకు ఇచ్చింది 3,40,000 పౌండ్లు. దానిని ఇద్దరు పంచుకోవాలి. అంటే ఒక్కొక్కరి వాటా సింగిల్స్ విజేతకు అందిన దానిలో పదో వంతు కూడా లేదు. టీవీ ప్రసారాల్లోనూ ఇదే వ్యత్యాసం. ఫలితంగా డబుల్స్ విజేత పేరు జనానికి చేరడం ఆలస్యమవుతుంది.

అయినా భారత టెన్నిస్‌కు ఈ ఆటే అన్నం పెట్టింది. 1997లో మహేశ్ భూపతి జపాన్ క్రీడాకారిణి రికా హిరాకీతో ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ గెలిచింది మొదలు, 2024లో రోహన్ బోపన్న ఆస్ట్రేలియన్ ఓపెన్ పురుషుల డబుల్స్ నెగ్గి 43 ఏళ్ల వయసులో నంబర్‌వన్ అయ్యేవరకు, సీనియర్ స్థాయిలో మన వారు సాధించిన గ్రాండ్‌స్లామ్‌లన్నీ డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్‌లోనివే.

తెలుగు తోడుతో ఆసియా పతకాలు

ఆసియా క్రీడల్లో సానియా మొత్తం 8 పతకాలు గెలిచారు. 2006లో దోహాలో లియాండర్ పేస్‌తో మిక్స్‌డ్ స్వర్ణం వాటిలో ఒకటి. తెలుగు పాఠకులకు ప్రత్యేకించి గుర్తుండవలసినవి మరో రెండు. 2010లో గ్వాంగ్‌ఝౌలో సికింద్రాబాద్ యువకుడు విష్ణువర్ధన్‌తో కలిసి మిక్స్‌డ్ రజతం సాధించారు. 2014లో ఇంచియాన్‌లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సాకేత్ మైనేనితో కలిసి స్వర్ణం గెలిచారు. రాష్ట్రం రెండుగా విడిపోయిన ఏడాదే అవతలి గట్టు అమ్మాయి, ఇవతలి గట్టు అబ్బాయి ఒకే జోడీగా బంగారు పతకం తేవడం విశేషం.

ఒలింపిక్ పతకం మాత్రం అందలేదు. నాలుగు ఒలింపిక్స్‌లలో పాల్గొన్న సానియా 2016లో రియోలో పతకానికి అత్యంత చేరువగా వెళ్లారు. బోపన్నతో కలిసి ఆడిన మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్య పోరులో ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నారు.

ఆదరణ వెంటే ఆరోపణ

ఇరవై ఏళ్లు నిండకముందే వచ్చిన పేరు సానియాకు వరమూ శాపమూ అయింది. ఆట దుస్తులపై 2005లో మతపెద్దల అభ్యంతరాలు వెలువడ్డాయి. 2008లో జాతీయ జెండాకు సంబంధించిన ఒక ఛాయాచిత్రంపై కేసు నమోదైంది. వివాదాలతో విసిగి ఆ ఏడాది బెంగళూరులో జరిగిన టోర్నీకి దూరంగా ఉన్నారు. 2010లో పాకిస్థాన్ క్రికెటర్ షోయబ్ మాలిక్‌ను వివాహమాడినప్పుడు ఇంటి ముందు విలేకరులు రోజుల తరబడి బారులు తీరారు. 2012 లండన్ ఒలింపిక్స్ జట్టు ఎంపికలో ఒక పురుష క్రీడాకారుడిని బుజ్జగించడానికి తనను ఎరగా వాడారని ఆమె బహిరంగంగా నిరసన తెలిపారు. మహిళా క్రీడాకారిణి అభిప్రాయాన్ని ఎవరూ అడగరన్న ఆవేదన ఆ లేఖలో వ్యక్తమైంది.

2014లో తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయల ప్రోత్సాహకంతో ఆమెను రాష్ట్ర ప్రచారకర్తగా నియమించింది. ఆ సందర్భంలో ఆమె దేశభక్తినే శంకించిన వ్యాఖ్యలు వెలువడ్డాయి. తుది శ్వాస వరకు భారతీయురాలినేనని సానియా కన్నీటితో బదులివ్వాల్సి వచ్చింది. ఆ ఏడాదే ఆమె యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ టైటిల్, ఆసియా క్రీడల స్వర్ణం, కారా బ్లాక్‌తో కలిసి డబ్ల్యూటీఏ ఫైనల్స్ టైటిల్ గెలిచి దేశ పతాకాన్ని ఎగురవేశారు. 2015లో రాజీవ్‌గాంధీ ఖేల్‌రత్న, 2016లో పద్మభూషణ్ ఆమెను వరించాయి.

తల్లి అయ్యాక మళ్లీ బరిలోకి...

2018 అక్టోబరులో ఆమె బిడ్డకు జన్మనిచ్చారు. ఇక ఇంటికే పరిమితమవుతారని భావించిన వారికి 2020 జనవరిలో సమాధానం దొరికింది. 26 కిలోల బరువు తగ్గి, హోబర్ట్ టోర్నీలో నదియా కిచెనోక్‌తో కలిసి బరిలో దిగారు. ఆడిన తొలి టోర్నీలోనే టైటిల్ గెలిచారు. 2021లో ఆస్ట్రావాలో చైనా క్రీడాకారిణి ఝాంగ్ షుయాయ్‌తో కలిసి నెగ్గిన టైటిల్ ఆమెకు మహిళల డబుల్స్‌లో 43వది. అదే చివరిది కూడా.

2022తో ఆట ముగిస్తానని ప్రకటించినా, మోచేతి గాయం వల్ల యూఎస్ ఓపెన్ ఆడలేకపోయారు. గాయంతో వెళ్లిపోవడం ఇష్టం లేక మరికొంత కాలం ఆగారు. 2023 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో బోపన్నతో కలిసి మిక్స్‌డ్ తుదిపోరుకు చేరారు. బ్రెజిల్ జంట లూయిసా స్టెఫానీ, రఫేల్ మటోస్ చేతిలో ఓడి రన్నరప్‌గా నిలిచారు. 2005లో తన గ్రాండ్‌స్లామ్ ప్రయాణం మొదలైన మెల్‌బోర్న్‌లోనే, బిడ్డ చూస్తుండగా ఆ ప్రయాణానికి వీడ్కోలు పలుకుతూ ఆమె కంటతడి పెట్టుకున్నారు. ఫిబ్రవరి 21న దుబాయ్‌లో మాడిసన్ కీస్‌తో ఆడిన మ్యాచ్ ఆఖరిదైంది. అందులో తొలి రౌండ్‌లోనే ఓటమి ఎదురైంది.

మార్చి 5న హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో వీడ్కోలు ప్రదర్శన మ్యాచ్‌లు జరిగాయి. బోపన్న, మాటెక్ శాండ్స్, కారా బ్లాక్, మరియన్ బార్తోలి తదితరులు తరలివచ్చారు. ఒకప్పుడు ఆమెతో జతకట్టిన వారు, ఎదురు నిలిచిన వారు ఒకే చోట చేరి సాగనంపడం జంట ఆటలో ఆమె సంపాదించుకున్న మైత్రికి నిదర్శనం.

సీమ బాలికలకు దారి ఏది?

శ్రీశైలం నుంచి హైదరాబాద్‌కు దూరం రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. టెన్నిస్‌కు సంబంధించి ఆ దూరం ఇంకా ఎక్కువ. కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాల్లో కబడ్డీకి, ఖోఖోకు ఉన్న మైదానాలు టెన్నిస్‌కు లేవు. రాకెట్లు, బంతులు, శిక్షణ, ప్రయాణ ఖర్చులు సామాన్య రైతు కుటుంబానికి భారమే.

అయితే సీమలో ఆశాకిరణాలు లేకపోలేదు. అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్డీటీ సహకారంతో స్పెయిన్ దిగ్గజం రఫేల్ నాదల్ ఫౌండేషన్ ఒక టెన్నిస్ విద్యాకేంద్రాన్ని నెలకొల్పింది. 2010 అక్టోబరులో నాదల్ స్వయంగా వచ్చి దానిని ప్రారంభించారు. పేద కుటుంబాల పిల్లలకు ఆటతో పాటు ఆంగ్లం, కంప్యూటర్ నేర్పడం ఆ కేంద్రం ఉద్దేశం. రాకెట్ పట్టే అవకాశం నగరాల పిల్లలకే పరిమితం కానవసరం లేదని ఆ ప్రయత్నం నిరూపించింది. సానియా కూడా 2013లో హైదరాబాద్ శివారు ముర్తుజాగూడలో తన పేరిట అకాడమీ ప్రారంభించారు.

సానియా ప్రస్థానం నుంచి తల్లిదండ్రులు, వ్యాయామ ఉపాధ్యాయులు గ్రహించవలసింది మరొకటి ఉంది. సింగిల్స్‌లో వెనుకబడిన పిల్లలను పక్కన పెట్టడం మన పాఠశాలల్లో పరిపాటి. పరుగు తక్కువైనా చేతి దెబ్బ బలంగా ఉన్న పిల్లకు, ఎత్తు తక్కువైనా చూపు చురుకైన పిల్లకు తగిన తోడును చూపిస్తే ఆట నిలుస్తుంది. ఖర్చు సైతం కలిసి వస్తుంది. ఒక కోర్టుపై ఒకేసారి నలుగురు సాధన చేయవచ్చు. ఉన్న ఒక్క కోర్టుతో ఎక్కువ మందికి ఆట నేర్పాలంటే డబుల్స్‌ను మించిన మార్గం లేదు.

శరీరం ఒక దారి మూసినప్పుడు సానియా ఆట మానలేదు, ఆటలోనే మరో దారి వెతుక్కున్నారు. 26 ఏళ్లకు సింగిల్స్ వదిలిన క్రీడాకారిణి 28 ఏళ్లకు ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచారు. ఆ రెండేళ్ల కథను పాఠశాల మైదానంలో పిల్లలకు చెప్పగలిగితే, సీమ గడ్డపైనా ఒక మంచి జోడీ తయారవడానికి ఆట్టే కాలం పట్టదు.